కాల్‌లో ఉన్నాను

ఇంగ్లీషులో నాలుగే అక్షరాల మాట. అందులోనూ చివరి రెండూ ఒకే అక్షరం. బడి ముఖం చూడని అవ్వ కూడా ఈనాడు దినానికి పదిసార్లు పలుకుతున్న మాట. అదే ‘కాల్’. “మా వాడు కాల్ చేశాడు”, “కాల్ కలవలేదు”, “మిస్డ్ కాల్ వచ్చింది” అని మన గ్రామాలలో వినబడని పూట లేదు. ఇంత తెలిసిన మాటను గురించి వ్యాసమెందుకని చదువరులు అడుగవచ్చు. తెలియని మాటతో మనకు పెద్దగా చిక్కు రాదు. ఎవరినైనా అడిగి తెలుసుకుంటాము. తెలుసుననుకున్న మాటతోనే చిక్కంతా. మనము ఒక అర్థముతో పలుకుతాము, హైదరాబాదులో ఉన్న పిల్లలు మరొక అర్థముతో పలుకుతారు, ఇద్దరమూ ఒకే మాట మాట్లాడుతున్నామనుకుంటాము.

ఈ మాట అసలు ఇంగ్లీషువారి సొంత సొత్తు కాదు. వెయ్యేళ్ళ క్రిందట సముద్రము దాటివచ్చి ఇంగ్లండులో కాపురమున్న స్కాండినేవియా వారి భాషలో ‘కల్లా’ అనే మాట ఉండేది. గట్టిగా కేకవేయుట అని దాని అర్థము. అదే ఇంగ్లీషులోకి వచ్చి ‘కాల్’ అయినది. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో పిలుచుటకు ‘కలెయో’ అంటారు. ధ్వని దగ్గర, అర్థమూ దగ్గర. అయినా ఈ రెంటికీ చుట్టరికము లేదనియే భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఒకే ఇంటిపేరు గల రెండు కుటుంబాల వంటివన్నమాట.

కేకతో మొదలైన ఆ మాట ఎన్ని ఇళ్ళు తిరిగిందో చూడండి. బడిలో హాజరు వేయుట కాల్. కోర్టులో బంట్రోతు పేరు పెట్టి పిలుచుట కాల్. చెట్టుమీది పక్షి కూత కాల్. బ్యాంకులు ఒకదానికొకటి ఒక రాత్రికి ఇచ్చుకునే అప్పు కాల్ మనీ. ఉద్యోగపు పరీక్షకు రమ్మనే ఉత్తరము కాల్ లెటర్. గ్రంథాలయములో పుస్తకము వీపున అంటించే అంకె కాల్ నంబరు. తలుపు ప్రక్కన నొక్కే గంట కాలింగ్ బెల్.

మన తెలుగులో ఒక్కో పనికి ఒక్కో మాట ఉన్నది. పొలములో ఉన్నవానికి వేసేది కేక. మనిషి ద్వారా పంపేది కబురు. ఊరందరికీ వేయించేది చాటింపు. గడప లోపలికి అడుగుపెట్టి పెండ్లికి రమ్మని చెప్పేది పిలుపు. మన పెద్దలు దూరాన్ని కూడా దీనితోనే కొలిచారు. ‘కూతవేటు దూరం’ అంటారు గదా. ఒకరు కూత వేస్తే మరొకరికి వినబడేంత దూరము. పెండ్లికార్డు వాట్సాప్‌లో పంపి, ఫోనులోనే “తప్పక రండి” అని ఊరుకుంటే మన వైపు పెద్దలేమంటారు? “వాళ్ళు ఫోను చేశారు గాని పిలవలేదండీ” అంటారు. ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టి చూడండి. కాల్ చేశారు గాని కాల్ చేయలేదు అన్నట్టు వస్తుంది.

ఈ ఒక్క మాటవలన కుటుంబాలలో ఎంత నొప్పి కలుగుతున్నదో మాకు గృహ దర్శనములలో తెలుస్తూ వచ్చింది. కుమారుడు హైటెక్ సిటీలో ఉద్యోగము చేస్తున్న ఒక తల్లి మాతో ఇలా అన్నది: “అయ్యగారూ, పొద్దున చేస్తే కాల్‌లో ఉన్నానంటాడు. మధ్యాహ్నం చేస్తే కాల్‌లో ఉన్నానంటాడు. రాత్రి తొమ్మిదింటికి చేసినా కాల్‌లోనే. నేను చేసేదీ కాలే గదండీ! మరి నాతో మాట్లాడకుండా ఎవరితో మాట్లాడుతున్నట్టు?” మరొక ఇంటిలో తండ్రి నోరు తెరచి అనలేదు గాని, వాడు ఎవరో అమ్మాయితో పొద్దస్తమానం ముచ్చట్లాడుతున్నాడనే ఆయన అనుమానము. ఇద్దరూ పిల్లవానిని శంకించారు. పిల్లవాడు అబద్ధమాడలేదు. మాట మారింది, అంతే.

హైదరాబాదులో మాదాపూర్ దగ్గర, రాళ్ళగుట్టల నడుమ, సైబర్ టవర్స్ అనే గుండ్రని భవనాన్ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ చోటికి పెట్టిన ‘హైటెక్’ అనే పేరే ఒక మాటల తమాషా. గొప్ప సాంకేతిక విద్య అని ఒక అర్థము. హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ అనే పొడుగాటి పేరుకు పొడి అక్షరాలు కూడా అవే. ఆ ఒక్క భవనము దగ్గర మొదలై కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వరకు కంపెనీలు విస్తరించాయి. మన జిల్లాలనుండి వెళ్ళిన పిల్లలు అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకొని, ఆ చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉంటూ, అక్కడ పనిచేస్తున్నారు.

అక్కడ ‘కాల్’ అంటే ఫోను సంభాషణ కాదు, కూటము. హైదరాబాదులో ఐదుగురు, బెంగళూరులో ఇద్దరు, అమెరికాలో నలుగురు కలిసి ఒక పని చేస్తున్నారనుకోండి. వారందరూ ఒక గదిలో కూర్చోలేరు గనుక ఎవరి కంప్యూటరు ముందు వారు కూర్చొని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, ఒకే వేళకు కలుసుకుంటారు. నిన్న ఏమి చేశారు, ఈ రోజు ఏమి చేస్తారు, ఎక్కడ ఆగిపోయింది అని ఒక్కొక్కరినీ అడుగుతారు. మన పిల్లవాని వంతు ఎప్పుడు వస్తుందో వానికే తెలియదు. ఆ సమయములో అమ్మ ఫోను మ్రోగితే వాడు ఏమి చెప్పగలడు? మనము ఆరాధనలో ఉండగా ఫోను వస్తే స్వరము తగ్గించి “ప్రార్థనలో ఉన్నానమ్మా” అని పెట్టివేస్తాము గదా. “కాల్‌లో ఉన్నాను” అన్నది అట్టి మాటయే. లోపల ఉన్నాను, బయటికి వచ్చి మాట్లాడతాను అని.

మరి రాత్రి తొమ్మిదిన్నరకు కూటమేమిటి అంటారా? అమెరికాకు అప్పుడు తెల్లవారుతుంది. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు కాలిఫోర్నియాలో శీతకాలమైతే అదే దినము ఉదయం ఎనిమిది గంటలు. దీనిలో ఇంకొక మెలిక ఉన్నది. అమెరికాలో చాలా రాష్ట్రాలవారు మార్చి నెలలో గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు, నవంబరులో మరల వెనుకకు తిప్పుతారు. మనము తిప్పము. అందువలన వేసవిలో ఎనిమిదిన్నరకు మొదలయ్యే కాల్ నవంబరు రాగానే తొమ్మిదిన్నరకు జరుగుతుంది. “పోయిన వారం ఈ వేళకు ఖాళీగానే ఉన్నావు గదరా, ఇప్పుడేమయింది?” అని అడిగిన తల్లికి అమెరికా గడియారపు సంగతి ఎవరు చెబుతారు? పిల్లలు చెప్పాలి. చెప్పరు. “నీకు తెలియదులే అమ్మా” అనే మాట వారి నోట సిద్ధముగా ఉంటుంది. ఆ మాట కాల్ కంటె ఎక్కువ నొప్పి చేస్తుందని వారికి తోచదు.

‘కాల్‌లో ఉన్నాను’ వేరు, ‘ఆన్ కాల్ ఉన్నాను’ వేరు. ఇంగ్లీషులో ఈ రెంటి మధ్య ‘ఎ’ అనే ఒంటి అక్షరమే తేడా. రెండవది కూటము కాదు, కావలి. ఏదో ఒక బ్యాంకు కంప్యూటరు అర్ధరాత్రి ఆగిపోతే లేచి సరిచేయవలసిన వంతు ఆ వారము వానిది. ఫోను తలక్రింద పెట్టుకొని పడుకుంటాడు. గాలివాన రాత్రి మన ఊరి లైన్‌మన్ ఎలా ఉంటాడో అలాగు. “ఈ వారం ఆన్ కాల్, ఊరికి రాలేను” అని పిల్లవాడంటే నిజముగానే రాలేడు.

మూడవది కూడా ఉన్నది, అది మరీ గడుసుది. ‘కాల్ తీసుకొనుట’ అంటే అక్కడి భాషలో నిర్ణయము చేయుట. మాకు తెలిసిన ఒక ఇంటిలో పెద్దకూతురు ఉద్యోగములో ఉన్నది. ఒక మంచి సంబంధము వచ్చింది. తండ్రి అడిగితే ఆమె, “ఆదివారంలోగా ఒక కాల్ తీసుకుంటాను నాన్నా” అన్నది. ఆయన ఆదివారమంతా ఫోను ప్రక్కనే కూర్చున్నాడు. ఆమె ఆలోచించుకొని, ప్రార్థించుకొని, మనస్సులో సరేననుకొని, ఈ మాట తల్లిదండ్రులకు నిదానముగా ఊరికి వచ్చి చెప్పాలనుకున్నది. ఆయన మాత్రము కూతురికి ఇష్టము లేదు కాబోలు, అందుకే ఫోను చేయలేదు అనుకొని సోమవారము మధ్యవర్తికి కబురు పంపించివేశాడు. మరల ఆ సంబంధమును నిలబెట్టుటకు పెద్దలు చాలా తిరగవలసి వచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ హైటెక్ సిటీ కాల్ మన పల్లెలకే నడిచివచ్చింది. కంపెనీలు ఇంటినుండి పని చేయమన్నాయి. హాస్టళ్ళు మూతపడ్డాయి. పిల్లలు ల్యాప్‌టాప్ సంచులతో ఊళ్ళకు చేరారు. సిగ్నలు కొరకు డాబా మీదికి, వేపచెట్టు క్రిందికి, ట్యాంకు దగ్గరకు కుర్చీలు మోసుకొనిపోయారు. అప్పుడు గదా తల్లులు కండ్లారా చూశారు! కొడుకు గంటసేపు చెవులు మూసుకొని కూర్చొని, రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడి, మరల మౌనముగా కూర్చుండుట. “అన్నం చల్లారిపోతుందిరా!” అని వంటింటినుండి వేసిన కేక అమెరికాలో వినబడిన ఇళ్ళున్నాయి. గేదె అరుపు, కోడి కూత, పాల ఆటో హారను అన్నీ సముద్రాలు దాటాయి. ‘మ్యూట్’ అనే మాట మన అవ్వలకు అప్పుడే వచ్చింది. ఆ మరుసటి సంవత్సరము ఒక యౌవనుడు మా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, బుధవారం ఏడింటికి క్లయింటు కాల్ ఉందండీ. మైకు మా ఇంటివైపు కొంచెం తిప్పకుండా ఉంటారా?” అని బహు వినయముగా అడిగాడు. మేము మైకు తూర్పువైపుకు తిప్పించాము. గుడి గంటా పిలుపే, అతని కూటమూ పిలుపే. ఒక సాయంత్రము రెండూ ఒకే వేళకు వచ్చాయి.

అయితే తల్లిదండ్రులు ఫోను ఎత్తలేదనగానే ఎందుకింత కంగారుపడతారు? ఇది పిల్లలు తెలుసుకోవలసిన సంగతి. 1876 మార్చి 10న అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనులో మొదట చెప్పిన మాట ప్రక్క గదిలో ఉన్న తన సహాయకుడు వాట్సన్‌ను ఇటు రమ్మనుటయే. అంటే మొట్టమొదటి ఫోను కాల్ అక్షరాలా ఒక పిలుపు. మన దేశములో చాలాకాలము అది చెడు పిలుపుగానే ఉండేది. దూరపు ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద గంటలకొద్దీ కూర్చునేవారు. అర్జెంటు కాల్, లైట్నింగ్ కాల్ అని ఎక్కువ చార్జీవి ఉండేవి. అంత ఖర్చుపెట్టి ఎవరూ కుశలము అడుగరు. ‘మీకు ట్రంక్ కాల్ వచ్చింది’ అని కబురు రాగానే ఇంటిలో ఏడ్పు మొదలయ్యేది, సంగతి వినకముందే. తరువాత పసుపుపచ్చ ఎస్.టి.డి. బూతులు వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గుతుందని కునికిపాట్లు పడుతూ వరుసలో నిలబడినవారిలో ఈ చదువరులు చాలామంది ఉందురు. ఇరుగుపొరుగువారి ఫోను నంబరు ప్రక్కన ‘పి.పి.’ అని వ్రాసి ఇచ్చేవారము. వారు వీధిలోకి వచ్చి “మీ అబ్బాయి ఫోను!” అని కేకవేస్తే పరుగెత్తేవారము.

మన దేశములో మొదటి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న కలకత్తానుండి ఢిల్లీకి వెళ్ళింది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టాలి. 2003 మే నెలలో ఆ భారము పోయి, వచ్చే కాల్ ఉచితమైనది. అప్పుడే పల్లెలలో సెల్లు పాతుకున్నది, దానితోపాటు మన వారి తెలివైన కల్పన మిస్డ్ కాల్ కూడా. ఒక రింగు అంటే క్షేమముగా చేరాను. రెండు రింగులంటే నీవు చెయ్యి. పైసా ఖర్చు లేకుండ, మాటే లేకుండ ఎంత కబురు! ఈ అలవాట్లన్నీ మోసుకొని వచ్చిన తల్లి ఈనాడు హాస్టలు గదిలోని కుమారునికి ఫోను చేస్తున్నది. ఆమె దృష్టిలో కాల్ అంటే ఎవరో బ్రతికి ఉన్నారనుటకు గురుతు. ఎత్తకపోతే ట్రంక్ కాల్ నాటి భయము లేచి కూర్చుంటుంది. కొడుకు దృష్టిలో అది క్యాలెండరులో ఒక అరగంట గడి.

ఇక పిల్లలు వ్రాసే ప్రోగ్రాములలోపల కూడా ఒక కాల్ ఉన్నది. ‘ఫంక్షన్‌ను కాల్ చేశాను’ అంటారు. మనకు ఫంక్షన్ అంటే శుభకార్యము; మనము ఫంక్షన్‌కు జనాన్ని పిలుస్తాము. వారు ఫంక్షన్‌నే పిలుస్తారు! వారి ఫంక్షన్ అంటే ఒకే పని చేయుటకు వ్రాసిపెట్టిన చిన్న ఆదేశాల కట్ట. పెద్ద ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ ఆ పని అవసరమైనచోట ఆగి దానిని పిలుస్తుంది. తల్లి కూర పొయ్యిమీద ఉంచి “ఉప్పు పట్టుకురా” అని కూతురిని పంపినట్టు. ఆ పిల్ల తెచ్చేవరకు కూర ముందుకు సాగదు. తిరిగి వచ్చుటను ‘రిటర్న్’ అంటారు. ఇందులో కష్టమల్లా తిరిగివచ్చుటలోనే. పిలువబడిన చిన్న ప్రోగ్రాము పని ముగించాక ఎక్కడికి రావాలి? పిలిచినవారు పదిచోట్లనుండి పిలువవచ్చు గదా. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1949లో నడువనారంభించిన ఎడ్సాక్ అనే కంప్యూటరు మీద పనిచేసిన డేవిడ్ వీలర్ దీనికి ఒక ఉపాయము చేశాడు. పంపేటప్పుడే, తాను ఎక్కడినుండి పిలుస్తున్నదీ ఆ చిరునామా పోయేవాని చేతికి ఇచ్చి పంపుట. పని అయినాక వాడు ఆ చిరునామా చూచుకొని సరిగా అక్కడికే వస్తాడు. దానికి వీలర్ పేరే పెట్టారు. మేము ఈ సంగతి ఒక యౌవనుని నోట విన్నప్పుడు, పట్నానికి పోయే బిడ్డ జేబులో ఊరి చిరునామా చీటీ పెట్టిన ఒకప్పటి తండ్రులే జ్ఞాపకము వచ్చారు.

కాల్ సెంటర్ అనే మాటకు మన గ్రామాలలో కొంతకాలము చెడ్డపేరు ఉండేది. 2000 తరువాతి సంవత్సరాలలో హైదరాబాదులో అవి పెరిగినప్పుడు ఆడపిల్లలు రాత్రివేళ క్యాబులలో పనికి పోవుట చూచి పెద్దలు మొగము చిట్లించారు. విదేశీయులకు ఫోనులో నోరు తిరగదని మన పిల్లలకు తెల్లదొరల పేర్లు పెట్టించిన కాల్ సెంటర్లున్నాయి. సంఘములలో పుట్టిపెరిగిన డేవిడ్‌లకు, మేరీలకు ఆ బాధ తప్పింది. పేరుండగా పేరు మార్చుకొన నక్కరలేకపోయింది!

అదే కాల్ సెంటర్ విద్య ఒక గొప్ప మేలు కూడా చేసింది. 108 అందరికీ తెలుసు. హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ స్థాపకుడు రామలింగరాజు 2005లో ఈ అత్యవసర సేవను ఆరంభింపజేశారు. ఏ ఫోనునుండి చేసినా డబ్బు లేదు. అక్కడ ఎత్తినవారు ముందు ఊరు, గురుతులు, ఏమి జరిగిందీ అడుగుతారు. దగ్గరలో ఉన్న అంబులెన్సును పంపిస్తారు. దానిని నడిపే డ్రైవరును ‘పైలట్’ అంటారు. 2009 జనవరి 7న సత్యం లెక్కలలో తప్పులు వ్రాశామని రామలింగరాజే ఉత్తరము వ్రాసి రాజీనామా చేశారు. ఆ కంపెనీ కుప్పకూలింది. అదే సంవత్సరము జి.వి.కె. వారు 108 బాధ్యత తీసుకున్నారు. ఆ సేవ ఆగలేదు, ఇతర రాష్ట్రాలకు కూడా వ్యాపించింది. మనిషి చేసిన మంచీ చెడూ ఒకే త్రాసులో వేసి కొట్టివేయకూడదని మా అభిప్రాయము. కాన్పు నొప్పులు పడుతున్న స్త్రీకి ఆ మూడంకెలు కూతవేటు దూరములో ఉన్నట్టే గదా.

ఎవరి పిలుపో తెలియక పొరపడుట క్రొత్త సంగతి కాదు. షిలోహులో బాలుడైన సమూయేలు రాత్రివేళ తన పేరు వినబడగానే ఏలీ పిలిచాడనుకొని మూడుసార్లు పరుగెత్తాడు. ఏలీకి కండ్లు మసకబారి ఉన్నవి. అయినా మూడవసారికి పిలుపు ఎవరిదో గ్రహించినది ఆయనే. చిన్నవానికి వినబడింది, పెద్దవానికి అర్థమైంది. ఒకరికొకరు చెప్పుకున్నారు గనుక సరిపోయింది. ఏలీ “నేను పిలువలేదు, పోయి పండుకో” అని మూడవసారి కూడా ఊరకుంటే?

ఈనాడు ఇది మన గ్రామాలలో డబ్బుతో, పరువుతో కూడిన సంగతి అయినది. కాల్ లెటర్ చూడండి. పేరుగల కంపెనీ గుర్తు వేసి, హైటెక్ సిటీ చిరునామా వేసి ఉత్తరము వస్తుంది. ‘సీటు ఖాయము చేయుటకు’ ధరావతు కట్టమంటుంది. ఎకరము కుదువపెట్టి కట్టినవారున్నారు. ఉద్యోగమిచ్చే నిజమైన కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు అడుగదు. ఈ ఒక్క వాక్యము ఇంటిలో అందరికీ కంఠతా రావాలి. వెనుక ద్వారమున ప్రవేశపెడతామనే మధ్యవర్తి ఎంత భక్తిపరునివలె మాట్లాడినా అంతే.

మరొకటి ‘డిజిటల్ అరెస్టు’ కాల్. వీడియోలో పోలీసు యూనిఫారము వేసుకున్న మనిషి కనబడి, మీ అబ్బాయి మత్తుపదార్థాల కేసులో దొరికాడనో, మీ ఆధార్ మీద పార్సిలు వచ్చిందనో బెదిరించి, ఫోను పెట్టివేయవద్దని, ఎవరికీ చెప్పవద్దని గంటలకొద్దీ కూర్చోబెట్టి డబ్బు వేయించుకుంటాడు. చదువుకున్నవారు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులు కూడా మోసపోయారు. మన చట్టములో అట్టి అరెస్టు లేనే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియో ప్రసంగములో దీనిని గురించి హెచ్చరించారు. పోలీసులు ఫోనులో అరెస్టు చేయరు, ఫోనులో డబ్బు అడుగరు. బ్యాంకువారు ఓ.టి.పి. అడుగరు. ‘ఎవరికీ చెప్పవద్దు’ అన్నాడంటే అదే దొంగ గురుతు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు దొంగ ఖాతాలో ఆపుటకు అంత అవకాశము. సిగ్గుపడి రెండు దినాలు ఎవరికీ చెప్పక ఊరుకున్నవారికి ఆ అవకాశము చేజారిపోతుంది.

ఇట్టి దొంగలు కొడుకు గొంతునే అనుకరించి, “నాన్నా, ప్రమాదమయింది, డబ్బు వెయ్యి” అని పలికించగలుగుతున్నారు. ఆ గొంతు నిజమా కాదా తెలుసుకొనుటకు మా ఎరుకలోని ఒక కుటుంబమువారు ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకున్నారు. అది వారి పాత ఆవు పేరట. ఆ పేరు చెప్పనిదే రూపాయి పోదు. చాలా బాగున్నది.

చివరిగా ఒక పని. మన ఇళ్ళలో చాలామంది తల్లిదండ్రుల దగ్గర పట్నములోని బిడ్డది ఒక్క నంబరే ఉంటున్నది. ఆ ఫోను స్విచ్చాఫ్ అయితే వారికి ఇక దిక్కు లేదు. ఈసారి పిల్లలు పండుగకు వచ్చినప్పుడు హాస్టలు వార్డెను నంబరు, గదిలో కలిసి ఉండే స్నేహితుని నంబరు, పనిచేసే కంపెనీ పూర్తి పేరు, ఏ భవనములో ఎన్నవ అంతస్తో వ్రాయించుకోండి. కాల్ ఏ వేళలలో ఉంటుందో, ఆన్ కాల్ వారము ఎప్పుడో కూడా వ్రాయమనండి. గోడమీది క్యాలెండరు ప్రక్కన, 108, 112, 1930 అంకెల క్రింద, చూపు ఆనని అవ్వకు కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో.